కొండ మీది కోతి.. కింది మంద.. నడుమ నట్టలు!

ఆనమలై అడవుల్లో హైదరాబాద్ శాస్త్రవేత్తలు తేల్చిందేమిటి? మేత ఆపేస్తే సమస్య తీరుతుందా?

మద్రాసు హైకోర్టు 2022 మార్చిలో ఇచ్చిన ఒక ఉత్తర్వు మదురై, తేని వైపు మందలున్న ఇళ్లను కుదిపేసింది. తమిళనాడు అడవుల్లో ఎక్కడా పశువుల్ని మేపరాదన్నది దాని సారాంశం. తేని జిల్లా మేఘమలై ప్రాంతానికి సంబంధించిన వ్యాజ్యంలో వచ్చిన ఆదేశమది. ఆ నెలలోనే కోర్టు దాన్ని సవరించి, నిషేధాన్ని జాతీయ పార్కులు, అభయారణ్యాలు, పులుల రిజర్వులకు పరిమితం చేసింది. ఊరట దొరికినట్టే కనిపించింది గానీ, తేని కొండల కింద ఉన్నవాళ్లకు ఒరిగింది తక్కువే. శ్రీవిల్లిపుత్తూరు-మేఘమలై పులుల రిజర్వును అంతకు ఏడాది ముందే, 2021 ఫిబ్రవరిలో ప్రకటించారు. వైగై నది పుట్టే ఆ కొండల్లో పాత మేత దారులు చాలా దాని కిందికే వచ్చాయి.

అప్పటి నుంచి ఒకటే వాదన. ఆవులు అడవిని తినేస్తున్నాయని ఒకరంటారు. తాతల నాటి నుంచి మేపుకుంటున్నాం, అడవి ఎక్కడికీ పోలేదని ఇంకొకరంటారు. ఈ గొడవలో మేత వద్దనేవారు చెప్పే కారణాల్లో ఒకటి మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. ఊరి పశువుల నుంచి అడవి జంతువులకు రోగాలు, నట్టలు సోకుతాయన్నది ఆ మాట. అది ఉత్త భయమా, నిజమా? దీనికి జవాబు వెతికిన పరిశోధనల్లో ముఖ్యమైనవి కోయంబత్తూరు జిల్లా కొండల్లోనే జరిగాయి. చేసింది హైదరాబాద్ ప్రయోగశాల.

మంద అంటే పాడి మాత్రమే కాదు

మదురైలో 1529లో విశ్వనాథ నాయకుడు పాలన మొదలుపెట్టింది మొదలు, 1736లో మీనాక్షి రాణితో నాయక రాజ్యం ముగిసేదాకా తెలుగు కుటుంబాలు దక్షిణానికి వస్తూనే ఉన్నాయి. అంతకు ముందు వచ్చినవారూ ఉన్నారు. కోయంబత్తూరు వైపు కమ్మ నాయుళ్లు నల్లరేగడిలో పత్తి వేసి, ఆ తర్వాత మిల్లులు పెట్టారు. తేని వైపు బోడినాయకనూరు పాళెం రాజకంబళ నాయకులది. కట్టబొమ్మన కూడా ఆ కులంవాడే.

రాజకంబళం వాళ్లలో మందకు దైవత్వం ఉంది. దేవుడి పేర వదిలిన ఆవుల్ని, ఎద్దుల్ని తంబిరాన్ మాడు అంటారు. వాటిని అమ్మరు, కొట్టరు. మదురై, శివగంగ వైపు పుళికుళం జాతి పశువులు వేరే రకం. వాటిని వందల సంఖ్యలో ఊరూరా తోలి, రాత్రిళ్లు పొలంలో కట్టి పేడ ఎరువుగా ఇస్తారు. తమిళంలో కిడై అంటారు, మన పల్లెల్లో మంద కట్టడమన్నట్టు. జల్లికట్టులో కనిపించే ఎద్దుల్లో ఈ జాతివి చాలా ఉంటాయి. తేని కొండల్లో తిరిగే మలై మాడు ఇంకో రకం. కింద పైరు ఉన్నన్నాళ్లు ఈ పశువులకు కొండే దిక్కు. అందుకే మేత మీద ఆంక్ష అంటే పాలలెక్క ఒక్కటే కాదు.

తొంభై ఒక్క నమూనాలు

హైదరాబాద్‌లోని సీసీఎంబీకి అనుబంధంగా అంతరించిపోతున్న జంతువుల పరిరక్షణ ప్రయోగశాల ఉంది. లాకోన్స్ అంటే వన్యప్రాణుల రంగంలో అందరికీ తెలుసు. అక్కడి శాస్త్రవేత్త జి.ఉమాపతి ఆనమలై కొండలకు కొత్తవారు కాదు. చెట్ల మీద బతికే జంతువులు ఇక్కడి అడవి ముక్కల్లో ఎక్కడెక్కడ మిగిలాయో 2000లోనే అజిత్ కుమార్‌తో కలిసి ప్రచురించారు.

అడవి ముక్కలు అనే మాటకు కాస్త వివరణ కావాలి. పొల్లాచ్చి దాటి ఘాట్ ఎక్కితే వాల్పరై పీఠభూమి. తేయాకు, కాఫీ తోటల కోసం ఇక్కడి వానాడవిని 1890ల చివరి నుంచి నరుకుతూ పోయారు. తోటల మధ్య, వాగుల పక్కన, కొండ కొసన అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క మిగిలింది. సముద్రంలో దీవుల్లాగా తేయాకు మధ్య అడవి. ఆ దీవుల్లో చిక్కుకుపోయింది సింహపు తోక కోతి. తమిళులు సోలై మంది అంటారు. పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. కొమ్మ దిగకుండా బతికే జంతువది. కొమ్మలు కలవకపోతే నేల మీదికి రావాల్సిందే. వాల్పరై పక్కన పుదుతోట్టం ముక్కలోని కోతులు రోడ్డు దాటుతూ, ఇళ్లలో దూరుతూ కనిపించడం ఇప్పుడు మామూలైపోయింది.

ఉమాపతి బృందం 2013లో ప్లాస్ వన్ పత్రికలో ఒక ఫలితం ప్రచురించింది. తొమ్మిది అడవి ముక్కల్లోని తొమ్మిది కోతి గుంపుల నుంచి 91 మల నమూనాలు తెచ్చి సూక్ష్మదర్శిని కింద చూశారు. గుడ్లు, డింభకాలు, తిత్తులు ఎలా ఉన్నాయో పోల్చి, ఏ ప్రజాతి పురుగో గుర్తించారు. తేలిందేమిటంటే, మనుషుల ఇళ్లున్న అడవి ముక్కల్లోని కోతుల్లో పరాన్నజీవులు స్పష్టంగా ఎక్కువ. అక్కడ పశువులు తిరగడానికీ, గుంపు పరిమాణానికీ దానితో సంబంధం కనిపించింది.

అదే బృందం 2015లో ఆనమలై అడవి ముక్కల్లోని మిగతా క్షీరదాల పేగు పురుగుల్ని లెక్కించింది. 2019లో సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో వచ్చిన వ్యాసం ఇంకో అడుగు ముందుకేసింది. నేల వాడకం మారినచోట, అంటే తోటలు, పశువుల మేత, ఊళ్లు వచ్చినచోట, అడవి జంతువుల్లో పరాన్నజీవుల రకాలు కూడా పెరుగుతాయన్నది దాని సారం.

ఇందులో ఒక మెలిక ఉంది. పశువుల ఉనికి, కోతిలో పురుగుల సంఖ్య కలిసి పెరుగుతున్నాయంటే, ఈ ఆవు పురుగే ఆ కోతిలోకి పోయిందని అర్థం కాదు. ఆవు కడుపులో బతికే నట్టలన్నీ కోతి కడుపులో బతకలేవు. మనుషుల పేగు పురుగులు కోతికి సోకడం అంతకంటే సులువు. కాబట్టి ఎస్టేటు లైన్ ఇళ్లకు మరుగుదొడ్లు ఎలా ఉన్నాయి, మురుగు ఏ వాగులో కలుస్తోంది అనేవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వేలెత్తి చూపేటప్పుడు ఆవు ఒక్కటే కనిపించడం తేలిక, అంతే.

ఎండాకాలంలో ఏనుగు లద్దె

కోయంబత్తూరుకు ఉత్తరాన నీలగిరి కిందున్న ముదుమలైలో ఇంతకు ముందే ఇలాంటి పని జరిగింది. అక్కడి క్షీరదాల పురుగుల భారంపై మిలింద్ వాట్వే, రామన్ సుకుమార్ 1995లోనే అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో రాశారు. ఆ తర్వాత టి.ఎన్.సి.విద్య, సుకుమార్ నీలగిరి ఏనుగుల మీద చేసిన అధ్యయనం 2002లో జర్నల్ ఆఫ్ బయోసైన్సెస్‌లో వచ్చింది. ఏ ఏనుగుదో గుర్తుపట్టి, దాని తాజా లద్దె తీసి, గ్రాముకు ఎన్ని పురుగు గుడ్లున్నాయో లెక్కబెట్టారు.

వానల కాలం కంటే ఎండాకాలంలో గుడ్లు గణనీయంగా ఎక్కువ. ఇది ఒక ఫలితం. అడవి రకం మారినా, అంటే ఆకురాల్చే అడవైనా ముళ్ల అడవైనా, తేడా లేదు. ఇది రెండోది. మూడోదాన్నే చాలామంది మరిచిపోతారు. వయసు ప్రభావాన్ని పక్కన పెట్టి చూస్తే, పురుగులు ఎక్కువున్న ఏనుగు చిక్కిపోయి ఉంటుందని, తక్కువున్నది పుష్టిగా ఉంటుందని తేలలేదు.

రైతుకు ఇది వింతగా అనిపించదు. నట్టలు లేని మేక ఉండదు. ఎంత భారం మోయగలదన్నదే లెక్క. మేత, నీరు బాగున్నన్నాళ్లు జంతువు తట్టుకుంటుంది. రెండూ తగ్గినప్పుడు అదే పురుగు ప్రాణం మీదికి తెస్తుంది. అడవిలో ఎండాకాలం అంటే అదే కదా. మేత తగ్గుతుంది, తిరిగే జంతువులన్నీ నాలుగు నీటి గుంటల దగ్గరికే చేరతాయి. ఊరి పశువులు కూడా అప్పుడే అటు వస్తాయి.

వేడి పెరిగితే ఏమవుతుంది?

ఆనమలై అధ్యయనాలు కొలిచింది మనుషుల్ని, పశువుల్ని, అడవి ముక్కల్ని. వేడిని కాదు. అయినా వాతావరణ మార్పుతో ముడి ఎక్కడ పడుతుందో పురుగు జీవితం చూస్తే తెలుస్తుంది. పశువుల పొట్టలో రక్తం తాగే నట్ట గుడ్డు పేడతో నేల మీద పడుతుంది. వెచ్చగా, తడిగా ఉంటే వారం రోజుల్లో గడ్డి మీదికి ఎక్కే డింభకం తయారు. చలిగా ఉంటే వారాలు పడుతుంది. మరీ ఎండగా ఉంటే ఎండిపోయి చస్తుంది. పేడకుప్ప లోపల తడి మిగిలితే మాత్రం అక్కడే కాచుకుని ఉండి, మొదటి వానకు ఒక్కసారిగా బయటికొస్తుంది. వేడి ఎక్కువైన డింభకం తనలోని శక్తిని తొందరగా ఖర్చు చేసుకుని చచ్చిపోవడం కూడా ఉంది. అందువల్ల వేడి పెరిగితే నట్టలన్నీ పెరుగుతాయనే తేలిక లెక్క చెల్లదు. వానలు ఎలా మారతాయన్నది సగం సంగతి.

చలి ప్రాంతాల్లో లెక్క కాస్త తేలిక. కెనడా ఆర్కిటిక్‌లోని మస్క్ ఎద్దుల ఊపిరితిత్తుల పురుగు మీద సుసాన్ కుట్జ్ బృందం 2005లో ఒక ఫలితం చెప్పింది. నత్తల్లో ఆ పురుగు పెరగడానికి రెండేళ్లు పట్టేది, వేసవులు వేడెక్కడంతో ఒక ఏడాదే సరిపోతోంది. హవాయి దీవుల్లో ఇంకా ఘోరం. దోమలు మోసే పక్షి మలేరియాకు అక్కడి తేనెపిట్టలు తట్టుకోలేవు. చల్లటి కొండ శిఖరాల మీద దోమ, మలేరియా క్రిమి రెండూ ఎదగలేవు గనుక అక్కడే మిగిలాయి. కొండ వేడెక్కేకొద్దీ ఆ చోటు కూడా తగ్గుతోంది. 2023లో అమెరికా ప్రభుత్వం అంతరించిపోయినట్టు ప్రకటించిన జాతుల్లో ఎనిమిది హవాయి పక్షులే.

మన కొండలకు ఈ కథతో సంబంధం లేకపోలేదు. కొడైకెనాల్, ఊటీ, ఆనమలై శిఖరాల మీది షోలా అడవులు కూడా ఆకాశంలో దీవుల్లాంటివే. ఇంకెక్కడా దొరకని పిట్టలు వాటిలో ఉన్నాయి. పడమటి కనుమల కొండ పక్షుల రక్తంలో మలేరియా, దాని బంధు క్రిముల మీద 2020లో పారసైట్స్ అండ్ వెక్టర్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. పూజా గుప్తా, గుహ ధర్మరాజన్‌లతో పాటు తిరుపతి ఐసర్‌కు చెందిన వి.వి.రాబిన్ అందులో భాగస్వామి. ఏ పిట్టకు సోకే ముప్పు ఎంతన్నది అది ఏ పక్షి వంశానికి చెందిందన్న దానిపై చాలా ఆధారపడి ఉంటుందని వాళ్లు తేల్చారు. అంటే క్రిమి కొండెక్కినప్పుడు అన్ని పిట్టలకూ ఒకే దెబ్బ తగలదు.

ఇక్కడొక పాత ముచ్చట. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది సికింద్రాబాద్‌లో. అదే ఏడాది ఆయన ఊటీ కింద సిగూరు ఘాట్‌లో మలేరియా పడ్డాడు. మరుసటి ఏడాది కలకత్తాలో పిట్టల మలేరియా మీద పని చేసి, దోమ కాటుతోనే అది సోకుతుందని నిరూపించాడు. మనిషి రోగం గుట్టు పిట్ట రక్తంలో దొరికిందన్నమాట.

గోమార్లు తెచ్చే జ్వరం

పరాన్నజీవుల సంగతి అడవి జంతువులతో ఆగదు. కోతి జ్వరం అనే క్యాసనూరు అడవి జ్వరం 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో బయటపడింది. దాన్ని మోసేది గోమారు. కోతులు చచ్చిపడిన చోట గోమార్లు చెదిరి మనుషుల్ని పట్టుకుంటాయి. చాన్నాళ్లు శివమొగ్గ చుట్టుపక్కలే ఉన్న ఆ రోగం 2012లో బందీపూర్ చేరింది. ఆ శీతాకాలంలోనే నీలగిరి కోతుల్లో కనిపించింది. తర్వాత కేరళలోని వయనాడులో 2014, 2015లో మనుషుల మీద విరుచుకుపడింది. ఇప్పుడు మ్యాప్ తీసి చూస్తే కోయంబత్తూరు ఎంతో దూరంలో లేదు.

ఇందులో ఆవు పాత్ర నేరుగా ఉంది. పెద్ద గోమారుకు రక్తం కావాలి. అడవిలో మేసే పశువు దానికి కడుపునిండా తిండి. పశువులు ఎక్కువైన అడవంచుల్లో గోమార్లు పెరుగుతాయి. పాత టీకా సరిగ్గా పనిచేయడం లేదని 2022లో ఆపేశారు. కొత్త టీకా కోసం ఐసీఎంఆర్ హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌తో చేతులు కలిపింది. అది చేతికందేదాకా అడవికి పోయేవాడు ఒంటికి పూత రాసుకోవడం, ఇంటికొచ్చాక ఒళ్లంతా వెతుక్కోవడం, చచ్చిన కోతి కనిపిస్తే ముట్టకుండా అటవీ సిబ్బందికి చెప్పడం తప్ప వేరే దారి లేదు.

పురుగులకూ గడ్డుకాలమే

పరాన్నజీవి అనగానే చంపేయాలనుకుంటాం. శాస్త్రవేత్తలు అలా అనుకోరు. కోలిన్ కార్ల్‌సన్ బృందం 2017లో సైన్స్ అడ్వాన్సెస్‌లో 457 పరాన్నజీవి జాతుల భవిష్యత్తును లెక్కగట్టింది. వాతావరణ మార్పు వల్ల ఆవాసం పోయిన కారణంగానే 2070 నాటికి 5 నుంచి 10 శాతం జాతులు అంతరించే దారి పడతాయని, ఆతిథ్యమిచ్చే జంతువులు కూడా పోతే అది మూడో వంతు దాకా వెళ్లొచ్చని చెప్పింది. ఉన్నవి పోయిన చోటికి బయటి నుంచి కొత్తవి వస్తాయి. అసలు భయం అదే. కోతికి తాతల నాటి నుంచి అలవాటైన పురుగు వేరు, నిన్నగాక మొన్న లైన్ ఇళ్ల నుంచి వచ్చిన పురుగు వేరు.

చెత్తకుప్ప మాటేమిటి?

మేత మీద ఇంత పట్టుదల చూపే యంత్రాంగం చెత్త దగ్గర మెత్తబడటం కోయంబత్తూరులో అందరూ చూస్తున్నదే. 2025 మేలో మరుదమలై కొండ కింద ఒక ఆడ ఏనుగు పిల్ల పక్కనుండగానే కూలబడింది. వైద్యులు గుంట తవ్వి నీళ్లలో దించి మరీ చికిత్స చేశారు. దక్కలేదు. శవపరీక్షలో కడుపులో పిండం, పొట్టలో ప్లాస్టిక్ కనిపించాయి. ఆ చుట్టుపక్కలే సోమయంపాళయం చెత్త డంపు ఉంది.

ఏనుగు చావును పరాన్నజీవుల ఖాతాలో వేయనక్కర్లేదు. కానీ డంపు అంటే ఆవు, కుక్క, పంది, కోతి, ఏనుగు అన్నీ ఒకే చోట తిని, అక్కడే విసర్జించే స్థలం. ఆనమలై పరిశోధన వేలెత్తి చూపింది సరిగ్గా ఇలాంటి కలయికనే. దానికి కోర్టు మెట్లెక్కి వ్యాజ్యం వేయాల్సిన పనిలేదు, పంచాయతీ లారీ రోజూ వస్తే చాలు.

మంద కొండెక్కక ముందే

2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును సామూహిక హక్కుగా గుర్తించింది. కాలాన్ని బట్టి తిరిగే పశుపోషకుల పేరు కూడా అందులో ఉంది. గిరిజనులు కానివారు మాత్రం మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే బతికినట్టు రుజువు చూపాలి. కాలినడకన తిరిగే మందకు పత్రం ఎవడిస్తాడు? నాయకుల కాలం నుంచి ఉన్నామని చెప్పుకునే ఇళ్లలోనూ అలాంటి కాగితం దొరకడం కష్టమే. గ్రామసభ తీర్మానంతో, ముసలివాళ్ల వాంగ్మూలంతో దరఖాస్తు పెట్టుకునే వీలు నిబంధనల్లో ఉంది. ఆ దారిలో వెళ్లడం మేలు.

పరిశోధన చెప్పిన దాన్ని బట్టి చూస్తే, పులుల రిజర్వు నడిబొడ్డులో మేత వద్దనడంలో న్యాయం ఉంది. కోతికి, ఏనుగుకు, లేళ్లకు మనుషులు, పశువులు లేని చోటు కొంతైనా మిగలాలి. అంచుల దగ్గర మాత్రం నిషేధం కన్నా పశువైద్యుడు ఎక్కువ పని చేస్తాడు. నట్టల మందు ఎప్పుడు వేయాలన్నదే కీలకం. ఊళ్లో వీలున్నప్పుడు వేస్తే లాభం లేదు. మంద కొండెక్కడానికి రెండు మూడు వారాల ముందు వేస్తే పైన పడే పేడలో గుడ్లు తగ్గుతాయి. గోమార్ల మందూ అప్పుడే. పశువులకు నీటి తొట్టి అడవి అంచుకు ఇవతల కడితే, అవి అటవీ శాఖ ఏనుగుల కోసం నింపే తొట్టి దగ్గరికి పోవాల్సిన పనిలేదు.

ఇందులోనూ జాగ్రత్త కావాలి. ఒకే మందు ఏటా ఎడాపెడా వేస్తే నట్టలు దానికి అలవాటు పడిపోతాయి. గొర్రెల్లో ఇది ప్రపంచమంతా కనిపిస్తున్నదే. ఐవర్‌మెక్టిన్ లాంటివి వేసిన పశువు పేడలో కొన్నాళ్లు మందు మిగిలి, పేడ పురుగులు చచ్చిపోతాయి. పేడను మట్టిలో కలిపేసి నట్ట గుడ్లను ఎండగట్టే పని చేసేదే ఆ పేడ పురుగు. అందుకే ముందు పేడ పరీక్ష చేయించి, గుడ్లు ఎక్కువున్న పశువులకే మందు వేయమంటారు. ముదుమలైలో ఏనుగు లద్దెకు చేసిన పరీక్ష లాంటిదే ఇదీ. సూక్ష్మదర్శిని, ఉప్పు నీళ్లు, లెక్కపెట్టే ఓపిక ఉంటే ఏ పశువైద్యశాలలోనైనా చేయొచ్చు.